ధర ఒకటే.. సరుకు ఒకటేనా? పిల్లల చదువుకు లాప్‌టాప్ ఎంపికలో మెలకువలు

అమ్మాయికి ఇంజినీరింగ్‌లో సీటు వచ్చింది. కాలేజీ ఫీజు, హాస్టల్ అడ్వాన్సు కట్టడం అయింది. ఇక మిగిలింది లాప్‌టాప్. మన రైతు కుటుంబాల్లో ఈ ఖర్చు మామూలుగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నెత్తిన పడుతుంది. నాట్లు పూర్తయి, ఎరువులకూ కలుపు కూలీలకూ ఉన్న డబ్బంతా పోయి, పంట ఇంకా పొట్ట దశకు కూడా రాని రోజులవి. అప్పో సప్పో చేసి దుకాణానికి వెళితే ఒకే ధరకు రెండు సెట్లు ముందు పెడతారు. రెంటి మీదా అవే మాటలు, అవే అంకెలు. ‘ఏదైనా ఒకటే సార్, నచ్చిన రంగు తీసుకోండి’ అంటారు.

ఏదైనా ఒకటే కాదు. ధర ఒకటైనంత మాత్రాన సరుకు ఒకటి కావాలని లేదు. 45 వేల రూపాయల సెట్టు కొంటున్నామనుకుందాం. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు సుమారు 1,777 రూపాయలు. ఈ లెక్కన ఆ లాప్‌టాప్ ఖరీదు 25 బస్తాల పైమాటే. చాలామందికి అది సార్వాలో ఒక ఎకరం పంటతో సమానం. ఎకరం పంట పోసి కొనే వస్తువును రంగు చూసి కొనలేం కదా! కొంచెం ఓపిక పడితే ఇంగ్లీషు చదువు అంతగా లేని రైతు కూడా ఈ తేడాలను పట్టుకోవచ్చు.

ఎరువుల సంచి చదివినట్టే

ఎరువుల కొట్టుకు వెళ్లిన రైతు సంచి మీది బొమ్మ చూడడు, అంకెలు చూస్తాడు. 18-46-0 అంటే డీఏపీ అనీ, 20-20-0-13 అంటే వేరే ఎరువు అనీ, అందులో చివరి 13 గంధకం అనీ చెప్పగలడు. రెండూ కాంప్లెక్సులే, రెండు సంచులూ ఒకే ఎత్తున ఉన్నా ఒకదాని బదులు ఇంకొకటి తీసుకోడు. లాప్‌టాప్ కూడా అంతే. దాని మీది అంకెల్లో ఒక్కటి మారితే లోపలి సరుకే మారిపోతుంది.

ముఖ్యంగా మూడు భాగాలు తెలుసుకుంటే చాలు. మన ఇంటి మాటల్లో చెప్పాలంటే ఇవి గాదె, కళ్లం, కూలీలు.

గాదె: ఫైళ్లు, ఫొటోలు, ప్రోగ్రాములు దాచుకునే చోటు. దీన్నే స్టోరేజి అంటారు. 256 జీబీ, 512 జీబీ అని రాసేది దీని గురించే. ఇది ఎస్‌ఎస్‌డీ రకమై ఉండాలి. పాతరకం తిరిగే హార్డ్‌డిస్క్ ఒక్కటే ఉన్న సెట్టును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. ఆన్ చేశాక పని మొదలు కావడానికే చాలాసేపు పడుతుంది. 512 జీబీ సెట్టును తెరిచి చూస్తే సుమారు 476 జీబీయే కనిపిస్తుంది. అది మోసం కాదు, కంపెనీవారూ విండోసూ జీబీని లెక్కకట్టే పద్ధతిలో ఉన్న తేడా.

కళ్లం: పని జరుగుతున్నప్పుడు సరుకు పరుచుకునే చోటు. దీన్ని ర్యామ్ అంటారు. గాదె ఎంత పెద్దదైనా కళ్లం చిన్నదైతే ఒకేసారి నూర్చగలిగేది కొంచెమే. విండోస్ 11 నడుస్తూ, నాలుగైదు వెబ్ పేజీలు తెరిచేసరికే 8 జీబీ కళ్లంలో సగానికి సగం నిండిపోతుంది.

కూలీలు: అసలు పని చేసేది ప్రాసెసర్. దానిలోని కోర్లను కూలీలనుకోవచ్చు. నలుగురు కూలీలు, ఆరుగురు కూలీలు అన్నట్టే నాలుగు కోర్లు, ఆరు కోర్లు. అయితే తల లెక్క ఒక్కటే చాలదు, కూలీ పనితనం కూడా చూడాలి. కొత్త తరం కోరు పాత తరం కోరు కంటే అదే సమయంలో ఎక్కువ పని చేస్తుంది.

ముందు చదువు, తర్వాత సెట్టు

నేల చూడకుండా విత్తనం ఎంచుకోం. పిల్లలు చదివే కోర్సు చూడకుండా లాప్‌టాప్ ఎంచుకోవడం కూడా అలాంటిదే.

బి.ఏ., బి.కాం., మామూలు బి.ఎస్సీ. వారికి ఎక్కువగా ఉండే పని నోట్సు రాసుకోవడం, లెక్కల పట్టికలు, ఆన్‌లైన్ పాఠాలు, ప్రాజెక్టు రిపోర్టులు. 8 జీబీ ర్యామ్, నాలుగు కోర్ల సెట్టుతోనే పని జరిగిపోతుంది. వీరు తెర, కీబోర్డు, బ్యాటరీ మీద ఎక్కువ దృష్టి పెట్టాలి.

వ్యవసాయ బి.ఎస్సీ.లో చేరినవారికి ప్రయోగాల లెక్కలు, గణాంకాలు, పై తరగతులకు వెళ్లేకొద్దీ మ్యాపుల పని తగులుతాయి. ఆర్, క్యూజీఐఎస్ వంటి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. 8 జీబీతో మొదలుపెట్టవచ్చు గాని తర్వాత పెంచుకునే వీలున్న సెట్టయితే మేలు.

కంప్యూటర్ సైన్సు వారికి కళ్లం పెద్దది కావాలి. ఫోన్ యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో అనే ప్రోగ్రాముకు గూగుల్ చెప్పే కనీస ర్యామ్ 8 జీబీ. కంప్యూటర్‌లోనే ఫోన్‌ను అనుకరించి చూసే ఎమ్యులేటర్‌ను కూడా నడపాలంటే 16 జీబీ కావాలని అదే గూగుల్ చెబుతోంది. కాబట్టి 16 జీబీ ఉన్నదో, 16 జీబీకి పెంచుకోగలిగినదో తీసుకోవాలి.

సివిల్, మెకానికల్ వారు డ్రాయింగులు వేయాలి. ఆటోక్యాడ్‌కు 8 జీబీ కనీస అవసరం, ఎంత ఎక్కువ ఉంటే అంత సుఖం. సాలిడ్‌వర్క్స్ విండోస్ మీద మాత్రమే నడుస్తుంది, దానికి 16 జీబీ ఉండాలంటారు. కాబట్టి మెకానికల్ పిల్లలకు యాపిల్ వారి సెట్టు కొనేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. ఆటోక్యాడ్‌ను విద్యార్థులకు తయారీ కంపెనీ ఉచితంగా ఇస్తోంది. దాని కోసం విడిగా డబ్బు పెట్టనక్కరలేదు.

పిల్లలను చేర్చిన కాలేజీలో రెండో సంవత్సరం, మూడో సంవత్సరం చదివేవారిని అడిగితే ఏయే ప్రోగ్రాములు వాడుతున్నారో ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు. దుకాణదారును అడగడానికి ముందే వారిని అడగాలి.

ఒక్క అంకె తేడా

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. రెండు సెట్లున్నాయనుకుందాం. రెండూ 45 వేలే. రెంటి మీదా ‘రైజెన్ 5, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ’ అనే రాసి ఉంది. పైకి కవలపిల్లలు. అయితే చిన్న అక్షరాల్లో మొదటి సెట్టు మీద 7520యు అనీ, రెండో దాని మీద 7530యు అనీ ఉంది. తేడా ఒక్క అంకె. చాలామంది దీన్ని చూడరు, చూసినా పట్టించుకోరు.

ఈ ప్రాసెసర్లు తయారు చేసే ఏఎండీ కంపెనీ 7000 వరుసలో ఒక్కో అంకెకు ఒక్కో అర్థం పెట్టింది. మొదటి అంకె ఏ ఏటి వరుస అనేది చెబుతుంది. 7 అంటే 2023 వరుస. మూడో అంకె లోపలి డిజైను ఏ తరానిదో చెబుతుంది. రైతుకు కావలసింది ఈ మూడో అంకే. 7520లో మూడో అంకె 2. అంటే జెన్ 2 అనే డిజైను, అది 2019లో వచ్చినది. 7530లో మూడో అంకె 3. అంటే జెన్ 3, అది 2020లో వచ్చింది. సంచి కొత్తదే, లోపలి వంగడం మాత్రం వేరు.

కూలీల లెక్క కూడా వేరే. 7520యులో నాలుగు కోర్లు, 7530యులో ఆరు కోర్లు. అన్ని కోర్లూ కలిసి చేయాల్సిన బరువు పనుల్లో రెండోది స్పష్టంగా ముందుంటుంది.

ఇంకో తేడా మరీ ముఖ్యమైనది. 7520యు ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామ్‌తోనే పనిచేస్తుంది. ఈ రకం ర్యామ్‌ను మదర్‌బోర్డు మీద అతికించేస్తారు. కరెంటు తక్కువ తాగుతుందన్న మంచి గుణం దానికి ఉంది. కాని కొన్న రోజున 8 జీబీ అయితే చివరిదాకా 8 జీబీయే. 7530యు మామూలు డీడీఆర్4 ర్యామ్‌తో కూడా పనిచేస్తుంది. అందువల్ల ఈ ప్రాసెసర్ ఉన్న సెట్లలో కొన్నింటికి ర్యామ్ పెట్టుకునే స్లాటు, అంటే గాడి, ఉంటుంది. అన్నింటికీ ఉంటుందని కాదు, అడిగి రూఢి చేసుకోవాలి.

మరి ఏది కొనాలి? కంప్యూటర్ సైన్సు పిల్లకయితే సందేహం లేదు, స్లాటున్న రెండో సెట్టే కొనాలి. బి.కాం. అబ్బాయికి మొదటి సెట్టయినా సరిపోతుంది. అది తేలికగా ఉండి, తెర బాగుండి, సర్వీసు దగ్గర్లో ఉంటే దాన్నే తీసుకోవచ్చు. మొదటి సెట్టులోనే 16 జీబీ అతికించి అదే ధరకు ఇస్తుంటే మాత్రం మళ్లీ ఆలోచించాలి. అప్పుడు ర్యామ్ దాని బలం, ప్రాసెసర్ రెండో దాని బలం అవుతాయి.

ఇంటెల్ సెట్లలో కూడా ఇలాంటి తికమక ఉంది. ఐ5 అనగానే ఐ3 కంటే ఎప్పుడూ గొప్పదని అనుకుంటాం. తరం చూడకుండా అలా చెప్పలేం. ఐ5-1035జీ1లో మొదటి రెండంకెలు 10, అంటే పదో తరం. ఐ3-1215యులో 12, అంటే పన్నెండో తరం. ఆ పదో తరం ఐ5 కంటే ఈ పన్నెండో తరం ఐ3 చాలా పనుల్లో చురుగ్గా ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి ఇంటెల్ కొత్త పేర్లు తెచ్చింది. ఐ అక్షరం తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 అని పిలుస్తోంది. చివర ఉండే అక్షరాన్నీ చూడాలి. యు అంటే కరెంటు తక్కువ వాడేది. హెచ్ అంటే ఎక్కువ బలం ఉన్నది, దానికి వేడీ కరెంటు ఖర్చూ ఎక్కువే.

మార్చుకోగలిగేవి, మార్చుకోలేనివి

ఒకే ధర సెట్లలో ఎంపిక దగ్గర తల పట్టుకున్నప్పుడు ఒకే ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు. తర్వాత మార్చుకోలేని వాటికి ముందు విలువ ఇవ్వాలి, మార్చుకోగలిగే వాటికి తర్వాత విలువ ఇవ్వాలి. వరి రకం తప్పితే వచ్చే ఏడు మార్చుకుంటాం. మామిడి అంటు తప్పుడుది తెస్తే కాపుకొచ్చేదాకా తెలియదు, తెలిశాక చేసేదీ ఉండదు. ఇంజినీరింగ్ నాలుగేళ్ల చదువు కాబట్టి లాప్‌టాప్ వరి రకం కాదు, మామిడి అంటు.

ప్రాసెసర్‌ను మార్చుకోలేం. అతికించిన ర్యామ్‌ను మార్చుకోలేం. తెరను మార్చవచ్చు గాని ఖర్చు భరించలేం. బరువు తగ్గించలేం. ఎస్‌ఎస్‌డీని మాత్రం ఎక్కువ సెట్లలో తర్వాత పెద్దది వేయించుకోవచ్చు. స్లాటు ఉంటే ర్యామ్ వేయించుకోవచ్చు. బ్యాగు, మౌసు, హెడ్‌ఫోన్లు బజారులో ఎప్పుడైనా దొరుకుతాయి. కాబట్టి 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో మంచి ప్రాసెసర్ ఒకవైపు, 512 జీబీతో నాసి ప్రాసెసర్ ఇంకోవైపు ఉంటే మొదటిదాని వైపే మొగ్గాలి. బ్యాగు ఊరికే ఇస్తున్నారని సెట్టు మార్చుకోవడం తాడు ఉచితమని గేదెను కొన్నట్టే.

ఒక్క జాగ్రత్త. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ‘తర్వాత చవగ్గా వేయించుకోవచ్చులే’ అన్న పాత లెక్క ఇప్పుడు పనిచేయకపోవచ్చు. 8 జీబీ అదనంగా వేయించడానికి ఎంతవుతుందో ఆ రోజే అడిగి, ఆ మొత్తాన్ని సెట్టు ధరకు కలిపి అప్పుడు రెండింటినీ పోల్చాలి.

స్లాటు ఉందో లేదో దుకాణంలోనే చూడవచ్చు. నమూనా సెట్టు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, తర్వాత మెమరీ నొక్కాలి. కింద ‘స్లాట్స్ యూజ్డ్’ దగ్గర 1 ఆఫ్ 2 అని ఉంటే ఇంకొకటి ఖాళీ ఉందని అర్థం. ‘ఫామ్ ఫ్యాక్టర్’ దగ్గర రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అతికించిన ర్యామ్ అన్నమాట. మనకు రాకపోతే పిల్లలు చేస్తారు. నమూనా సెట్టు, మనకు ఇచ్చే సెట్టు ఒకే మోడల్ నంబరుతో ఉన్నాయో లేదో మాత్రం మనం చూసుకోవాలి.

తెర, బ్యాటరీ, బరువు

నాలుగేళ్లు పిల్లలు రోజూ చూసేది తెరనే. 1366×768 తెరలో సుమారు పదిన్నర లక్షల చుక్కలుంటాయి. 1920×1080 తెరలో 20 లక్షల పైచిలుకు. రెండోదాన్నే ఫుల్ హెచ్‌డీ అంటారు. అక్షరం స్ఫుటంగా కనిపిస్తుంది, ఒకేసారి ఎక్కువ వరుసలు పడతాయి. ఈ రోజుల్లో ఫుల్ హెచ్‌డీకి తక్కువ కొనవద్దు. ఐపీఎస్ రకం తెరను పక్క నుంచి చూసినా రంగు మారదు. దుకాణంలో తెరను కొద్దిగా వెనక్కి వాల్చి, పక్కకు జరిగి చూడండి. బొమ్మ నల్లబడితే అది నాసిరకం తెర.

బ్యాటరీ విషయంలో ‘10 గంటలు వస్తుంది’ అన్న మాట వినవద్దు. వాట్ అవర్ ఎంతో అడగండి. ఇది ట్రాక్టరు ట్యాంకు లాంటిది. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడుతుంది, గంటకు ఎంత తాగుతుంది అని లెక్క వేసుకుంటాం కదా. మామూలు రాతపనిలో సెట్టు గంటకు 8 వాట్ అవర్లు తాగుతుందనుకుంటే 42 వాట్ అవర్ల బ్యాటరీ 5 గంటల పైన వస్తుంది. 54 వాట్ అవర్లది 6 గంటల 45 నిమిషాలు వస్తుంది. వీడియోలు చూసినా, తెర వెలుగు పెంచినా ఇంకా ముందే దిగిపోతుంది. ఉదయం హాస్టల్ నుంచి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే పిల్లలకు ఈ తేడా చిన్నది కాదు. తరగతి గదిలో ప్రతి బల్ల దగ్గరా ప్లగ్గు ఉండదు.

బరువును చేత్తో ఎత్తి చూడాలి, ఛార్జరుతో సహా. బస్సులో నిలబడి వెళ్లే పిల్లలకు ఒకటిన్నర కిలోలకూ రెండున్నర కిలోలకూ ఉన్న తేడా రోజూ భుజం మీద తెలుస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు కావాలా?

కొన్నిసార్లు ఎంపిక ఇంకో రకంగా వస్తుంది. ఒకే ధరలో ఒకటి విడి గ్రాఫిక్స్ కార్డుతో ఉంటుంది, దాన్ని గేమింగ్ లాప్‌టాప్ అంటారు. రెండోది కార్డు లేకుండా, ఎక్కువ ర్యామ్‌తో, తేలికగా ఉంటుంది. పిల్లలు మొదటిదాని వైపే లాగుతారు. అందులో తప్పేమీ లేదు గాని అవసరం చూడాలి. త్రీడీ డ్రాయింగులు, వీడియో ఎడిటింగ్, కంప్యూటర్‌కు బొమ్మలు గుర్తుపట్టడం నేర్పే మెషీన్ లెర్నింగ్ పనులు చేసేవారికి కార్డు నిజంగా పనికొస్తుంది. మిగతావారికి అది రెండెకరాల చేనుకు 50 హెచ్‌పీ ట్రాక్టరు. బరువు, వేడి, ఫ్యాను మోత ఎక్కువ. బరువు పని పెడితే బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే పిల్లకు కార్డు కంటే ర్యామే మేలు చేస్తుంది.

వాడిన సెట్టు అదే ధరకు వస్తే?

కొత్త చిన్న సెట్టు ధరకే వాడిన పెద్ద కంపెనీ సెట్టు వస్తుందని పట్టణాల్లో బోర్డులు కనిపిస్తుంటాయి. కొన్ని నిజంగానే గట్టి సెట్లు. అయితే రెండు చూడాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అర్హత ఉండాలంటే ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం, లేదా ఆ పైది కావాలి. ఏడో తరం సెట్టును ఎంత మెరిపించి చూపినా తీసుకోవద్దు. రెండోది బ్యాటరీ. వాడిన బ్యాటరీ అరిగిపోయి ఉంటే కొత్తదాని ఖర్చు కూడా కలుపుకొని లెక్క చూడాలి. రాతపూర్వకమైన వారంటీ లేకపోతే బేరం మానుకోవడమే మంచిది.

వారంటీ, సర్వీసు, బిల్లు

రెండు సెట్లూ అన్నింట్లో సమానంగా తేలితే తీర్పు చెప్పేది సర్వీసే. సాధారణంగా ఏడాది వారంటీ ఇస్తారు. అందులో రెండు రకాలున్నాయి. ఆన్‌సైట్ అంటే మనిషి మన దగ్గరికే వచ్చి బాగుచేస్తాడు. క్యారీ ఇన్ అంటే మనమే మోసుకెళ్లాలి. ఆన్‌సైట్ అన్నా అన్ని ఊళ్లకూ రారు. మీ ఊరి పిన్‌కోడ్ కాదు, పిల్లలుండే హాస్టల్ పిన్‌కోడ్ చెప్పి అక్కడికి వస్తారో లేదో కనుక్కోండి. కింద పడినా, నీళ్లు పడినా మామూలు వారంటీ వర్తించదు. దానికి విడిగా డబ్బు కట్టే పథకం తీసుకోవాలి.

బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. లాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. ఆ పన్నుతో కలిపిన ధరే అసలు ధర. బిల్లు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించాలి. పెట్టె మీదా, సెట్టు అడుగునా, బిల్లు మీదా ఒకే సీరియల్ నంబరు ఉండాలి. ఎరువుల బిల్లు దాచినట్టే దీన్నీ దాచాలి, ఫోన్‌లో ఒక ఫొటో కూడా తీసి ఉంచుకోవాలి.

విండోస్ ఉందా లేదా అన్నది కూడా అడగాలి. కొన్ని సెట్లు విండోస్ లేకుండా వస్తాయి, అందుకే చవగ్గా కనిపిస్తాయి. అలాగే ఒక సెట్టులో ఆఫీస్ ప్రోగ్రాములు ఎప్పటికీ ఉండేలా ఇస్తారు, ఇంకోదాంట్లో కొన్నాళ్లే నడిచే నమూనా ఇస్తారు. ధర ఒకటే అయినప్పుడు ఇదీ డబ్బు తేడాయే. అది లేకపోయినా లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ప్రోగ్రాముతో డిగ్రీ పిల్లల పని చాలావరకు గడుస్తుంది.

సరుకులో లోపం ఉండి దుకాణదారు పట్టించుకోకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు వెళ్లాలి. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము లేదు. దీనికి కూడా బిల్లే ఆధారం.

డబ్బు ఎక్కడి నుంచి?

పంట రుణం తీసి లాప్‌టాప్‌లో పెడితే పురుగు మందుల వేళకు చేతులు ఖాళీ అవుతాయి. బ్యాంకులో విద్యారుణం తీసుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. కోర్సుకు అవసరమైతే కంప్యూటర్ ఖరీదును కూడా ఆ రుణంలో చేర్చే వీలు బ్యాంకుల నమూనా విద్యారుణ పథకంలో ఉంది. దరఖాస్తు పెట్టేటప్పుడే ఆ ఖర్చును కొటేషన్‌తో సహా చూపించాలి. సంతకాలన్నీ అయిపోయాక అడిగితే మళ్లీ మొదటికి వస్తుంది.

వడ్డీ లేని వాయిదాలన్న మాట విని వెంటనే సంతకం పెట్టవద్దు. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, వడ్డీ మీద జీఎస్టీ పడుతుందా, రొక్కానికయితే ధర ఎంత తగ్గుతుంది అని మూడు ప్రశ్నలు అడగాలి. మొత్తం వాయిదాలు కూడి, రొక్కం ధరతో పోల్చితే అసలు వడ్డీ ఎంతో బయటపడుతుంది.

దుకాణానికి వెళ్లేముందు

ఈ కింది ప్రశ్నలను కత్తిరించి జేబులో పెట్టుకోండి. రెండు సెట్లకూ జవాబులు పక్కపక్కన రాసుకోండి.

1. ప్రాసెసర్ పూర్తి పేరు, అన్ని అంకెలూ చివరి అక్షరంతో సహా ఏమిటి? కోర్లు ఎన్ని?
2. ర్యామ్ ఎంత? అతికించినదా, స్లాటు ఉందా? పెంచాలంటే ఈ రోజు ఎంతవుతుంది?
3. ఎస్‌ఎస్‌డీ ఎంత? తర్వాత మార్చుకోవచ్చా?
4. తెర ఫుల్ హెచ్‌డీయేనా? ఐపీఎస్ రకమేనా?
5. బ్యాటరీ ఎన్ని వాట్ అవర్లు? ఛార్జరుతో కలిపి బరువెంత?
6. విండోస్ 11, ఆఫీస్ ఉన్నాయా? ఆఫీస్ ఎన్నాళ్లు నడుస్తుంది?
7. వారంటీ ఎన్నేళ్లు? హాస్టల్ దగ్గరికి మనిషి వస్తాడా?
8. పన్నుతో, సీరియల్ నంబరుతో బిల్లు ఇస్తారా?

ఎనిమిదింటికీ జవాబులు రాసుకున్నాక ఒకే ధర సెట్లలో ఏది మేలో కాగితమే చెబుతుంది. ఏ ప్రశ్నకైనా దుకాణదారు ‘అవన్నీ మీకెందుకు సార్’ అంటే ఆ రోజు కొనకండి. పక్క దుకాణంలో అడగండి.